వార్తల్లో పదం: ట్రాన్స్‌జెండర్ పేరెంట్

పుట్టుకనాడు లోకము నిర్ణయించిన లింగమునకును, తన అంతరంగమెరిగిన స్వరూపమునకును పొత్తు కుదరక, తరచు ఏండ్లతరబడి తన్ను తాను దాచుకొని, తుదకు తానెవరో తానే అంగీకరించి బిడ్డలను పెంచుచున్న వ్యక్తి ట్రాన్స్‌జెండర్ పేరెంట్. అట్టి లింగ గుర్తింపునకు శస్త్రచికిత్స షరతు కారాదనియు, స్వీయనిర్ణయమే ప్రమాణమనియు సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ) వ్యాజ్యపు తీర్పున పలికెను.

2025 జూన్‌లో రెండు హైకోర్టులు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపు, తల్లిదండ్రుల హోదాలపై చర్చకు మరల ప్రాణము పోసినవి. 2023లో బిడ్డను కన్న ట్రాన్స్ పురుషుడును అతని సహచరియు అర్థింపగా, జనన ధ్రువపత్రమున తల్లి, తండ్రి అనుటకు మారుగా ‘పేరెంట్’ అని వ్రాయవలెనని కేరళ హైకోర్టు ఆదేశించెను. సంతానము కనజాలదన్న కారణమున ట్రాన్స్ మహిళ స్త్రీ కాదనుట చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చెను. స్త్రీత్వమును గర్భాశయముతో కొలువరాదన్న ఈ మాట మన నేలనుండి వెలువడుట నాకు మిక్కిలి సంతోషము.

ఇంటినుండి వెళ్ళగొట్టబడకుండ, కుటుంబసభ్యులతో కలిసి నివసించు హక్కును ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు, వారి హక్కుల రక్షణకై వచ్చిన 2019 చట్టపు 12వ సెక్షను ఒసగినది. నర్సీపట్నము చెంతనున్న గొలుగొండ వంటి పల్లెలలో న్యాయస్థానము దూరము, ఇరుగుపొరుగు దగ్గర. కావున బడికి వచ్చిన అట్టి తల్లినో తండ్రినో ఉపాధ్యాయులును, సాటి తల్లిదండ్రులును తక్కినవారివలెనే ఆదరింతురుగాక.