రాకీ పర్వతములలో ఇంటిబండి విడిది

వెనుకటి దినములలో మన గ్రామముల నుండి కుటుంబములు గూడుబండ్లు కట్టుకొని తీర్థయాత్రలకు బయలుదేరెడివి. బియ్యపు మూట, ఊరగాయ జాడీ, పరుపుచుట్ట, నీళ్ల కూజా అన్నియు బండిలోనే ఉండెడివి. చెరువుగట్టున చెట్టునీడ కనబడినచోట ఎడ్లను విప్పి, మూడు రాళ్లు చేర్చి పొయ్యి వెలిగించి, వండుకొని తిని, ఆ రాత్రికి అచటనే నిదురించెడివారు. నేడు అమెరికా దేశమున ‘ఆర్వీ’ అని పిలువబడు వాహనము ఆ గూడుబండికి దూరపు చుట్టము. పడకలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు, స్నానపు గది, నీటి తొట్టి అన్నియు అందులోనే అమర్చబడి ఉండును. కేవలము విహారము కొరకు ఇట్టి బండిని కట్టించుకొన్న తొలివారిలో గార్డన్ స్టేబుల్స్ అను వైద్యు డొకడు. ఆయన 1885లో ఇంగ్లండున ‘వాండరర్’ అను పేరుగల రెండు టన్నుల గుర్రపుబండిని చేయించుకొనెను. గుర్రముల స్థానమున ఇంజను వచ్చిన తరువాత ఈ విహారపద్ధతి అమెరికాలో ఎక్కువగా వ్యాపించినది.

అచట స్థిరపడిన తెలుగు కుటుంబములు వేసవి సెలవులలో ఇట్టి బండిని అద్దెకు తీసికొని పర్వతప్రాంతములకు పోవుట నేడు వింత కాదు. తరచుగా ఆ బండిలో మన ఊళ్ల నుండి పిల్లలను చూడబోయిన తల్లిదండ్రులును ఉందురు. విజయవాడ వలె సముద్రమట్టమునకు సమీపమున ఉన్న పట్టణములో అరువది యేండ్లు గడిపినవారు ఒక్క వారములో పన్నెండువేల అడుగుల ఎత్తునకు చేరుచున్నారన్నమాట. ఈ ప్రయాణము సుఖముగా సాగుటయు, ఆసుపత్రిలో ముగియుటయు చాలవరకు ముందుచూపుపై ఆధారపడి ఉన్నది. అందువలన ఇచటి పెద్దలకును అచటి పిల్లలకును ఉపయోగపడునట్లు కొన్ని విషయములను వివరింపదలచినాము.

ఉదాహరణమునకు కొలరాడో రాష్ట్రములోని రాకీ పర్వత జాతీయోద్యానవనమును తీసికొందము. 1915లో ఏర్పడిన ఈ ఉద్యానవనము డెన్వరు నగరమునకు వాయవ్యముగా సుమారు 70 మైళ్ల దూరమున ఉన్నది. దీని నడుమ ఎస్టెస్ పార్కు, గ్రాండ్ లేక్ అను రెండు ఊళ్లను కలుపుచు 48 మైళ్ల పొడవున ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు సాగుచున్నది. దానిలో దాదాపు 11 మైళ్లు చెట్లు మొలవని ఎత్తున పోవును. అత్యున్నత స్థానము 12,183 అడుగులు.

ఈ ఎత్తు ఎట్టిదో మన కొలతలతో చూతము. తిరుమల సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉన్నది. ఆంధ్రప్రదేశములోని అత్యున్నత శిఖరములు 5,500 అడుగుల ప్రాంతమున ఉన్నవి. డెన్వరు నగరమే 5,280 అడుగుల ఎత్తున ఉన్నది. అనగా ఆ ఊరిలో అడుగిడినప్పుడే మనము మన రాష్ట్రపు శిఖరాగ్రములకు దాదాపు సమానముగా నిలిచి ఉందుము. విడిది చేయు మొరెయిన్ పార్కు మైదానము 8,160 అడుగులు. అచట గాలి ఒత్తిడి సముద్రతీరమున ఉండుదానిలో ముప్పాతిక వంతు మాత్రమే. రోడ్డు కొనకొమ్మున అది మూడింట రెండు వంతులకంటె తక్కువ. పలుచబడిన ఈ గాలి మూడింటిపై తన ప్రభావమును చూపును: మనిషి శ్వాసపై, బండి ఇంజనుపై, పొయ్యిమీది కుండపై.

మొదట మనిషి సంగతి. ఎత్తునకు త్వరగా చేరినవారికి కొన్ని గంటలలోనో, మొదటి రాత్రియో తలనొప్పి, వికారము, అలసట, నిద్రపట్టకుండుట కలుగవచ్చును. వయసు, బలము అనునవి దీనిని ఆపలేవు. వ్యాయామము చేయు యువకునికి రావచ్చును, పక్కనున్న పెద్దమ్మగారికి రాకపోవచ్చును. దేహము అలవాటుపడుటకు వ్యవధి నిచ్చుటయే దీనికి తగిన ఉపాయము. డెన్వరులో ఒకటి రెండు రాత్రులు గడిపి, పిదప 7,500 అడుగుల ఎత్తుననున్న ఎస్టెస్ పార్కు పరిసరములలో విడిసి, శిఖరపు రోడ్డును మూడవ దినమునకో నాలుగవ దినమునకో ఉంచుకొనుట మేలు. పగలు ఎంత ఎత్తునకు పోయినను, రాత్రి నిదురించు ఎత్తును మెల్లమెల్లగా పెంచవలెను. 9,000 అడుగులు దాటిన పిమ్మట నిద్రాస్థానమును దినమునకు 1,600 అడుగులకంటె ఎక్కువ పెంచరాదని వైద్యులు చెప్పుదురు. గుండెజబ్బు, శ్వాసరోగము, రక్తహీనత ఉన్నవారు టిక్కెట్లు కొనకముందే తమ వైద్యుని సంప్రదింపవలెను. ఊరక కూర్చున్నప్పుడు సైతము ఆయాసము వచ్చినను, నడక తూలినను, మాట తడబడినను ఉదయము వరకు వేచియుండరాదు. వెంటనే క్రిందికి దిగి వైద్యసహాయము పొందవలెను. “అబ్బాయి ఇంత ఖర్చుపెట్టి తీసికొని వచ్చినాడు, నా బాధ చెప్పి వాని సంతోషము చెడగొట్టనేల?” అని మన పెద్దలు దాచుకొనుట కలదు. ఈ ఒక్క విషయమున ఆ మొగమాటము ప్రాణాపాయకరము. పిల్లలే రాత్రియు ఉదయమును అడిగి తెలిసికొనుట మంచిది.

ఇక కాలనిర్ణయము. ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మంచువలన శీతకాలమంతయు మూతబడి ఉండును. సాధారణముగా మే మాసాంతమున తెరచి, అక్టోబరు మధ్యలో మూయుదురు. జూనులో సైతము మంచు కురిసి కొంతసేపు దారి ఆగవచ్చును. జులై, ఆగస్టు మాసములు వెచ్చనివి గాని జనసమ్మర్దము హెచ్చు. సెప్టెంబరులో ఆస్పెన్ చెట్ల ఆకులు బంగారువన్నెకు తిరుగును, రాత్రులు చలిగా ఉండును. ఉద్యానవనములోని విడిది స్థలములకు చాలవరకు ఆరు మాసములు ముందుగానే స్థలము నిర్ణయించుకొనవలెను. ప్రవేశమునకు ప్రత్యేకముగా వేళ నిర్ణయించుకొను పద్ధతి కొన్ని ఉద్యానవనములలో కలదు. ఈ నియమములు ఏటేట మారుచుండును గనుక ఆ యేటి ప్రకటనను చూచుకొనవలెను.

బండిని ఎన్నుకొనునప్పుడు ఎన్ని పడకలున్నవను ప్రశ్నకంటె ముందు, ఏ దారిన పోదుమను ప్రశ్న వేసికొనవలెను. ఈ ఉద్యానవనములోనే 1920లో తెరచిన ఓల్డ్ ఫాల్ రివర్ రోడ్డు కలదు. అది కంకరపరచిన ఒంటిదారి, ఎక్కుటయే గాని దిగుట లేదు. 25 అడుగులకు మించిన వాహనములను, వెనుక ట్రెయిలరు తగిలించిన వానిని అందు పోనీయరు. మొంటానా రాష్ట్రములోని గ్లేసియర్ ఉద్యానవనమున ‘గోయింగ్ టు ది సన్’ అను ప్రసిద్ధమైన పర్వతమార్గము కలదు. దాని నడిమి భాగమున 21 అడుగుల పొడవును, అద్దములతో కలిపి 8 అడుగుల వెడల్పును మించిన బండికి ప్రవేశము లేదు. అద్దెకు దొరకు ఇంటిబండ్లలో పెక్కు ఈ కొలతను మించును. అట్టిచోట బండిని విడిదిలో నిలిపి చిన్న కారులోనో, బస్సులోనో పోవలెను. బండి ఎత్తు ఎన్ని అడుగులో ఒక కాగితముపై వ్రాసి డ్రైవరు కనుల యెదుట అంటించుకొనుట చిన్న పనియే, కాని పెట్రోలు బంకు పందిళ్ల వద్దను తక్కువ ఎత్తు వంతెనల వద్దను అది పెద్ద నష్టమును తప్పించును.

పలుచని గాలిలో ఇంజను బలము తగ్గును. టర్బో లేని ఇంజను ప్రతి వేయి అడుగులకు సుమారు నూటికి మూడు పాళ్ల శక్తిని కోల్పోవును. పన్నెండువేల అడుగుల వద్ద మూడవవంతు పోయినట్లే. కావున బండి నెమ్మదిగా ఎక్కును. వెనుక వాహనములు పేరుకొన్నచో ప్రక్కన ఇచ్చిన ఖాళీస్థలమున ఆగి దారి నిచ్చుట మర్యాద. బరువును కూడ తగ్గించుకొనవలెను. 40 గ్యాలనుల నీటితొట్టి నిండుగా ఉన్నచో 150 కిలోల బరువు. విడిదిలో నీరు దొరకునని తెలిసినప్పుడు కొండ యెక్కునంతవరకు కొద్ది నీటితో పోవచ్చును.

ఎక్కుటకంటె దిగుట కష్టము. తిరుమల ఘాట్ రోడ్డు డ్రైవర్లకు తెలిసిన సూత్రమే ఇచటను వర్తించును: ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెను. పొడుగునా బ్రేకు తొక్కి పట్టినచో చక్రముల వద్ద వేడి పెరిగి, పట్టు సడలి, చివరకు తొక్కినను బండి ఆగని స్థితి వచ్చును. ఆటోమేటిక్ గేర్లుగల బండిలోను తక్కువ గేరునకు మార్చుకొను వీలు కలదు. వాలు మొదలగుటకు ముందే మార్చుకొని, ఇంజనే బండిని పట్టి ఉంచునట్లు చేసి, అవసరమైనప్పుడు మాత్రము గట్టిగా బ్రేకు వేసి వదలవలెను. బండి నడచుచున్నంతసేపు అందరు బెల్టులు కట్టుకొని కూర్చుండవలెను. నడచు బండిలో పడకపై పండుకొనుట, కాఫీ కాచుట తగదు.

విడిదికి చేరిన పిదప నీరు, విద్యుత్తు అను రెండు లెక్కలు ముందుకు వచ్చును. బండిలో మూడు తొట్లుండును: మంచినీటిది, వంటస్నానముల వాడిన నీటిది, మరుగుదొడ్డిది. తరువాతి రెండింటిని నియమిత స్థలముననే ఖాళీ చేయవలెను. అంట్లు తోముటకు మనవారు వాడు నీటిని తలచుకొన్నచో, రెండవ తొట్టి ఎంత త్వరగా నిండునో ఊహింపవచ్చును. జాతీయోద్యానవనముల విడిదులలో ప్రతి స్థలమునకు కరెంటు ఉండదు, ముందుగా విచారింపవలెను. 30 ఆంపియర్ల కరెంటు ఉన్నచోట మొత్తము 3,600 వాట్ల వరకే వాడవచ్చును. కావున ఏసీ, మైక్రోవేవు, ఇండక్షను పొయ్యి ఏకకాలమున నడచవు.

కుండ సంగతికి వత్తము. నీరు సముద్రతీరమున 100 డిగ్రీల సెంటిగ్రేడున మరుగును. 8,000 అడుగుల ఎత్తున సుమారు 92 డిగ్రీలకే మరుగును. పొయ్యి ఎంత పెంచినను మరుగునీరు అంతకంటె వేడెక్కదు. అందుచేత తెరచిన గిన్నెలో కందిపప్పు మెత్తబడుటకు చాల ఎక్కువ సేపు పట్టును, అన్నము పలుకుగా ఉండును. మన ఇండ్లలోని ప్రెషరు కుక్కరు ఈ చిక్కును తీర్చును. ఆవిరిని బంధించుట వలన అందు వేడి ఆ ఎత్తున సైతము సుమారు 115 డిగ్రీలకు చేరును. ఒకటి రెండు విజిలులు ఎక్కువగా రానిచ్చిన చాలును. సామానులో ఏది మరచినను దీనిని మరువరాదని గృహిణులకు మా మనవి. పప్పును ముందుగా నానబెట్టుటయు, పులిహోర, చపాతీలు, పొడులు వెంట నుంచుకొనుటయు గ్యాసును ఆదా చేయును.

చలి సంగతియు చెప్పవలెను. ప్రతి వేయి అడుగులకు సుమారు రెండు సెంటిగ్రేడు డిగ్రీల వేడి తగ్గును. ఎండ కాయు మధ్యాహ్నము తరువాత గడ్డకట్టు రాత్రి రావచ్చును. అట్టివేళ వెచ్చదనము కొరకు వంటపొయ్యి వెలిగించి తలుపులు బిగించుకొనుట మిక్కిలి ప్రమాదము. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణము తీయును. దానిని కనిపెట్టి మ్రోగు పరికరము పనిచేయుచున్నదో లేదో బండి తీసికొనునాడే పరీక్షింపవలెను.

వేసవి మధ్యాహ్నములలో ఆ పర్వతములపై ఉరుములు, పిడుగులు సామాన్యము. కనుక చెట్లు లేని ఎత్తులకు ఉదయమే పోయి, మధ్యాహ్నమునకు క్రిందికి దిగవలెను. అడవిలో నల్ల ఎలుగుబంట్లున్నవి. తినుబండారములను, చెత్తను బయట విడువక బండి తలుపులు, కిటికీలు మూసి లోపల ఉంచవలెను. ఎల్లోస్టోను ఉద్యానవనములోని ఫిషింగ్ బ్రిడ్జి విడిదిలో గ్రిజ్లీ ఎలుగుల సంచారము వలన గట్టి గోడలుగల బండ్లనే అనుమతింతురు, గుడారపు గుడ్డలు పనికిరావు. ఆ ఉద్యానవనమున ఎలుగులకు, తోడేళ్లకు 100 గజములు, తక్కిన పెక్కు మృగములకు 25 గజములు దూరముగా ఉండుట నియమము. ఫొటో కొరకు ఆ హద్దు దాటరాదు.

ఈ లెక్కలన్నియు ఒక కాగితముపై మూడు వరుసలుగా వ్రాసికొన్నచో ప్రణాళిక పూర్తియగును. మొదటి వరుసలో ఏ రాత్రి ఎంత ఎత్తున నిద్ర, రెండవదానిలో ఏ దారి, దానికి బండి కొలత సరిపోవునా, మూడవదానిలో ఎచట నీరు నింపుదుము, ఎచట తొట్టి ఖాళీ చేయుదుము, ఎచట ఆసుపత్రి ఉన్నది. సెల్‌ఫోను సంకేతము కొండలలో అందకపోవచ్చును గనుక ఈ కాగితమును, దేశపటమును ముద్రించి దగ్గర ఉంచుకొనవలెను. ఒక ప్రతిని ఇంటివద్ద ఉన్నవారికి పంపవలెను. కార్యక్రమమున ఒక దినము ఖాళీగా విడుచుట మంచిది. ఎవరికి నలత చేసినను, మంచుచే దారి మూసినను ఆ దినము అక్కరకు వచ్చును. నిదానమే ప్రధానమను సామెత మైదానములో ఎంత నిజమో పన్నెండువేల అడుగుల ఎత్తున అంతకు రెట్టింపు నిజము. అమ్మగారు, నాన్నగారు సుఖముగా ఊపిరి పీల్చుచు మంచుకొండలను చూచి, సాయంకాలమునకు విడిదికి చేరి వేడి పప్పన్నము తిన్ననాడు ఆ ప్రయాణము సఫలమైనట్లే.