మీకు తెలుసా? రోలాండ్‌ను చంపింది శత్రువు కత్తి కాదు

ఫ్రెంచి వీరకావ్యం 'రోలాండ్ గీతం'లో కథానాయకుడు శత్రువు దెబ్బకు చావడు. సాయం కోసం దంతపు కొమ్ముబూరను శక్తికొద్దీ ఊదినప్పుడు కణత చిట్లి, ఆ గాయంతోనే ప్రాణం విడుస్తాడు. విసిరిన ఈటెలు డాలును, కవచాన్ని చీలుస్తాయి గానీ ఒంటికి ఒక్కటీ తగలదు.

దాదాపు 4,000 పంక్తుల ఈ కావ్యం తెగింపును మాత్రమే కీర్తిస్తుందనుకుంటే పొరపాటే. పిరనీస్ కనుమలో, రాజు షార్లమేన్ సేనకు వెనుక కాపుగా రోలాండ్ నడిపిస్తున్న దళాన్ని శత్రుసేన కమ్ముకొస్తున్నప్పుడే బూర ఊదమని మిత్రుడు ఒలివియే పదేపదే చెబుతాడు. వంశానికి మచ్చ వస్తుందని రోలాండ్ ఒప్పుకోడు. 20,000 మందిలో 60 మంది మిగిలాక ఊదబోతే ఈసారి ఒలివియేనే అడ్డుపడి, ఇంత నష్టానికీ నీ దుడుకుతనమే కారణమని ముఖం మీదే అంటాడు. ఆపద ముందు వివేకం కూడా వీరుడి లక్షణమేనని కవి ఇంత స్పష్టంగా పలికించడం నాకు ఈ కావ్యంలో అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. చివర్లో రోలాండ్ ఆత్మను దేవదూతలు స్వర్గానికి తీసుకెళ్తారు కదా, కవి అతని పక్షమే కదా అని అడగవచ్చు. పక్షమే. అయినా తన కోసం చచ్చిపోతున్న సైనికులను చూసి రోలాండ్ కుమిలిపోవడాన్నీ ఆ కవే రాశాడు.

ఈ కావ్యానికి మూలమైన అసలు యుద్ధం 778 ఆగస్టు 15న జరిగింది. కావ్యంలో శత్రువులు ముస్లిం సైనికులు; షార్లమేన్ చరిత్ర రాసిన ఐన్‌హార్డ్ ప్రకారం మాత్రం దాడి చేసింది బాస్క్ కొండజాతివారు.