చర్చి గోడ దాటితే...

ఊళ్లకు పేర్లు ఊరికే రావు. హయత్‌నగర్‌నే తీసుకోండి. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, సుల్తాన్ మహమ్మద్ భార్య, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి... ఇన్ని హోదాలున్న హయాత్ బక్షీ బేగం పేరది. జనం ఆవిడను 'మా సాహెబా' అని పిలుచుకున్నారు. (మాసబ్‌ట్యాంక్‌కూ ఆ పేరు ఆవిడ వల్లే వచ్చింది!) ఇక్కడి మసీదు చుట్టూ బాటసారుల కోసం వరసగా కట్టిన సరాయి గదులున్నాయి. దగ్గర్లోనే ఏనుగులతో నీళ్లు తోడించేవారని చెప్పుకొనే హాథీ బావడి. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే వర్తకులకు ఇది మజిలీ అన్నమాట.

ఆ దారే ఇప్పుడు విజయవాడ హైవే. అటునుంచి వచ్చే బస్సులోంచి కళ్లు నులుముకుంటూ దిగే జనానికి హైదరాబాద్ మొదలయ్యేది ఇక్కడే. అలా దిగి హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో ఇల్లు కట్టుకున్నవారిలో గుంటూరు, పల్నాడు, కృష్ణా, గోదావరి ప్రాంతాల లూథరన్ కుటుంబాలూ ఉన్నాయి. బియ్యం బస్తాతో, పచ్చడి జాడీతో పాటు తమ సంఘాన్నీ వెంట తెచ్చుకున్నారు. తేలేనిది ఒక్కటే... చర్చి ఆవరణ. ఊళ్లో చర్చి అంటే వేపచెట్టు, గంట స్తంభం, ఆరాధన అయ్యాక పిల్లలు ఎగిరి గంతులేసే ఖాళీ జాగా. ఇక్కడ చాలా సంఘాలకు ఉన్నది మెట్లెక్కి వెళ్లే ఒక హాలు, నాలుగు ఫ్యాన్లు, కింద స్కూటర్లు పెట్టుకునే కాస్త చోటు.

'పిల్లలు ఆదివారం వస్తున్నారు. పదో తరగతి దాటాక రావడం లేదు'. నగరంలో ఏ సంఘ పెద్దను కదిపినా వినపడే మాట ఇది. ట్యూషన్లు, కోచింగులు, సెల్‌ఫోన్లు... కారణాలకేం కొదవ లేదు. అయితే ఇదే బెంగ అమెరికాలోని లూథరన్లకు చాలా ఏళ్ల కిందటే పట్టుకుంది. దానికి వాళ్లు వెతుక్కున్న మందుల్లో ఒకటి, పిల్లల్ని గోడల మధ్య నుంచి అడవిలోకి తీసుకెళ్లడం.

అడవిలో వారం రోజులు

పెన్సిల్వేనియాలో గెటిస్‌బర్గ్‌కు దగ్గర్లో, కొండ వాలులో 'నవాక్వా' అనే క్యాంపు ఉంది. 1929లో మొదలైంది. పిల్లలు వారం పాటు చెక్క గదుల్లో ఉంటారు. పొద్దున బైబిలు పాఠం, మధ్యాహ్నం ఈత, నడక, రాత్రి నెగడు చుట్టూ పాటలు. చూసుకునేది ముసలి ఉపాధ్యాయులు కాదు, కాలేజీ వయసు అన్నలూ అక్కలే. ఇలాంటి క్యాంపులు అక్కడ రాష్ట్రరాష్ట్రానా పుట్టుకొచ్చాయి. వీటన్నిటికీ కలిపి వాళ్లు పెట్టుకున్న పేరును మన మాటల్లో చెప్పాలంటే 'ఆరుబయటి పరిచర్య'.

వీటిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని హోల్డెన్ విలేజ్ కథ మరీ చిత్రమైనది. అదొకప్పుడు రాగి గని ఊరు. 1957లో గని మూతపడింది. జనం ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఇళ్లు, భోజనశాల, ఆటల హాలు అన్నీ కొండల మధ్య దయ్యాల కొంపల్లా మిగిలాయి. ఒక యువకుడు ఆ ఊరిని ఇవ్వమని కంపెనీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. చివరికి 1960లో కంపెనీ ఆ ఊరిని లూథరన్లకు ఇచ్చేసింది. ఈనాటికీ అక్కడికి నేరుగా కారు పోదు. షెలాన్ సరస్సు మీద పడవెక్కి, ఆ తర్వాత బస్సెక్కి పోవాలి. 2015లో కార్చిచ్చు చుట్టుముడితే ఊరంతా ఖాళీ చేయాల్సి వచ్చింది. మళ్లీ తిరిగొచ్చి నడుపుతున్నారు.

ఇంతకూ ఆ అడవికీ మన హయత్‌నగర్‌కూ ఏమిటి సంబంధం అంటారా? ఉంది. తెలుగు నేలకు మొదటి అమెరికా లూథరన్ మిషనరీని పంపింది ఆ పెన్సిల్వేనియా సంఘమే.

మనకు ముందొచ్చింది చెట్టే

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ జర్మనీలో పుట్టాడు. చిన్నప్పుడే అమెరికా చేరాడు. 1842 జులై 31న గుంటూరు వచ్చేనాటికి ఆయన వయసు 49. 'ఈ వయసులో కొత్త దేశం, కొత్త భాష ఎందుకు?' అని ఎవరైనా అనగలిగిన ఈడు. ఆయనను గుంటూరులో దిగమని పిలిచి, ఆసరా ఇచ్చింది అప్పటి జిల్లా కలెక్టరు హెన్రీ స్టోక్స్. ఈయన లూథరన్ కాదు, ఆంగ్లికన్. అంటే తెలుగు లూథరన్ల కథ పొరుగు సంఘం వాడి చేయూతతోనే మొదలైంది!

హేయర్ మధ్యలో అమెరికా వెళ్లి, యాభై దాటాక వైద్యం చదివి డాక్టరై తిరిగొచ్చాడు. 1849లో పల్నాడు వెళ్లి గురజాలలో మకాం పెట్టాడు. ఆ నల్లరేగడి నేలల్లో వానాకాలం బండి దిగబడుతుంది, ఎండాకాలం రాయి పగులుతుంది. అందుకే ఆ రోజుల్లో మిషనరీలు చలికాలాన్ని ఊళ్లు తిరగడానికి పెట్టుకునేవారు. ఎడ్లబండి మీద గుడారం, చెట్టు కింద మకాం. కూలికి పోయినవాళ్లు పొద్దుగూకాక గాని ఇంటికి రారు కాబట్టి బోధన రాత్రిపూటే, లాంతరు వెలుతురులో. గోదావరి వైపు ఇంకో పద్ధతి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక కాలువలు వచ్చాయి, కాలువల మీద పడవలు వచ్చాయి. అక్కడి మిషనరీలు పడవలోనే వండుకుని, పడుకుని, రేవురేవునా ఆగేవారు.

పల్లెల్లో గుడి కట్టడం ఆ తర్వాతి మాట. తెలుగునాట 'ఆరుబయటి పరిచర్య' కొత్తగా నేర్చుకోవాల్సిన అమెరికా విద్య కాదు. మనం మరచిపోయిన సొంత అలవాటు!

ఆ తర్వాత హేయర్ అమెరికా వెళ్లిపోయాడు. రాజమండ్రి మిషన్‌ది వేరే పుట్టుక. 1845లో ఉత్తర జర్మనీ మిషనరీలు పెట్టినది. తర్వాత అమెరికన్ల చేతికొచ్చింది. నడపడానికి మనుషుల్లేక దాన్ని ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించేద్దామని 1869లో నిర్ణయించారు. ఆ కబురు విని హేయర్ లేచాడు. అప్పటికాయనకు 76 ఏళ్లు. 'నేను వెళ్తా' అని ఓడెక్కి రాజమండ్రి వచ్చి మిషన్‌ను నిలబెట్టాడు. ఆంగ్లికన్ కలెక్టరు పిలిస్తే వచ్చిన మనిషే మిషన్‌ను ఆంగ్లికన్లకు ఇవ్వనీయలేదు! వింతగా ఉందా? చేయి కలపడం వేరు, చేతులు దులుపుకోవడం వేరు అని ఆయన లెక్క కావచ్చు.

గుంటూరు, రాజమండ్రి పాయలు తర్వాత కలిసి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి (ఏఈఎల్‌సీ) అయ్యాయి. పాస్టర్ల చదువులో సంఘాలు కలవడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. లూథరన్లు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘం వారు కలిసి 1964లో రాజమండ్రిలో ఉమ్మడి వేదాంత కళాశాల పెట్టారు. తర్వాత అది హైదరాబాద్‌కు మారింది. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరున్న ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అదే. పెద్దలకు ఉమ్మడి బడి వచ్చింది సరే. పిల్లలకు ఉమ్మడి చెట్టు నీడ మాత్రం ఇంకా రాలేదు.

ఎవరి పిల్లలు?

క్యాంపు పెట్టడం ఏమంత కష్టం? డబ్బుంటే చాలు అనిపిస్తుంది. అసలు చిక్కు క్యాంపు ముగిసిన మర్నాడు మొదలవుతుంది.

అమెరికాలో చాలా క్యాంపులకు సొంత బోర్డులున్నాయి, సొంత ఖాతాలున్నాయి. పేరుకు చర్చివే గాని చర్చి చేతిలో ఉండవు. పెద్దచర్చి నుంచి వచ్చే సొమ్ము తగ్గుతూ వచ్చింది. కొన్ని క్యాంపులు స్థలాలు అమ్ముకుని మూతపడ్డాయి. మిగిలినవాటి ముందు ఒకటే ప్రశ్న. చర్చికి మేం ఏమవుతాం? ఊరికే వేసవి కాలక్షేపమా, లేక చర్చికి ఇంకో చేయా? జేకబ్ సోరెన్సన్ అనే పరిశోధకుడు క్యాంపుకొచ్చిన పిల్లల వెంటపడి, తర్వాత వాళ్లేమయ్యారో కూడా అడిగి చూశారు. ఆయన చెప్పేదాని సారం... క్యాంపు పిల్లల మీద గట్టి ముద్రే వేస్తుంది, కాని ఇల్లూ సంఘమూ అందుకుంటేనే అది పూర్తిగా పనిచేస్తుంది. మన అమ్మమ్మలు తోడు పెట్టిన పాల గురించి చెప్పే సంగతే ఇది. తోడు వేస్తే చాలదు, గిన్నె కదపకుండా వెచ్చగా ఉంచాలి.

మన దగ్గరా ఈ ఎడం లేకపోలేదు. విద్యార్థుల కోసం 1954లో ఏర్పడ్డ యూఈఎస్ఐ, పిల్లల కోసం పనిచేసే స్క్రిప్చర్ యూనియన్ వంటి సంస్థలు ఏళ్లుగా క్యాంపులు నడుపుతున్నాయి. ఇవి ఏ ఒక్క సంఘానికీ చెందవు. లూథరన్ ఇంటి పిల్లలూ వెళ్తారు. వెళ్లొచ్చాక గిటారు కావాలంటారు, చప్పట్ల పాటలు కావాలంటారు, 'మన ఆరాధన ఇంత చప్పగా ఎందుకుంది?' అని నిలదీస్తారు. పాస్టరుగారికి గుండెల్లో రాయి పడుతుంది... పిల్లాడు రేపు ఇంకో సంఘానికి పోతాడేమోనని. క్యాంపు నడిపేవాళ్లకేమో 'మేం వెలిగించి పంపితే వీళ్లు ఆర్పేస్తున్నారు' అన్న బాధ. ఇద్దరిదీ ప్రేమే. కాని ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకునేది తక్కువ.

నిజానికి లూథరే ఈ విషయంలో మూడో మనిషిని పిలిచాడు. 1529లో ఆయన రాసిన చిన్న ప్రశ్నోత్తరి పాస్టర్లకొక్కరికే కాదు, ఇంటి యజమాని తన ఇంట్లోవాళ్లకు సులువుగా నేర్పడానికీ పనికిరావాలని రాసింది. ధ్రువీకరణకు ముందు దాన్ని బట్టీపట్టిన తెలుగు లూథరన్ పిల్లలు ఎందరో! నేర్పాల్సింది నాన్న అన్న ముక్క మాత్రం నాన్నలు హాయిగా మరచిపోయారు.

మెట్లెక్కి వచ్చే క్యాంపు

అమెరికా క్యాంపుల పద్ధతుల్లో హయత్‌నగర్‌కు సరిగ్గా అతికేది ఒకటుంది. పిల్లలు క్యాంపుకు వెళ్లడం కాదు, క్యాంపే సంఘానికి రావడం. ముందుగా శిక్షణ పొందిన నలుగురైదుగురు యువతీయువకులు ఒక సంఘానికి వచ్చి వారం ఉంటారు. వాళ్లకు లాడ్జి ఉండదు. సంఘంలోని ఇళ్లలోనే పడక, వాళ్ల వంటే భోజనం. పగలంతా పిల్లలతో. వాళ్లు వెళ్లిపోయాక పిల్లల చేయి పట్టుకోవాల్సిన సంఘం సభ్యులు ఆ వారమంతా పక్కనే ఉండి చూస్తారు. పైగా రాత్రి భోజనాల దగ్గర పడే కబుర్లు ఏ సదస్సులోనూ దొరకవు.

దీనికి మన దగ్గర పునాది సిద్ధంగానే ఉంది. దానిపేరు వీబీఎస్. సెలవుల్లో జరిగే వెకేషన్ బైబిల్ స్కూల్. ఏడాదికో అంశం, తెలుగు పుస్తకాలు, టీచర్లకు ముందే శిక్షణ, యాక్షన్ పాటలు, చివరిరోజు ప్రదర్శన. వీధిలోని హిందూ, ముస్లిం ఇళ్ల పిల్లలూ పాటల కోసం వచ్చి కూర్చోవడం మామూలే. ఆ చివరిరోజు ఫొటోలు దిగి, బిస్కెట్ ప్యాకెట్లు పంచాక మళ్లీ ఏడాది దాకా తలుపు మూస్తారు. చిక్కంతా అక్కడే.

మరి అడవి? అదీ దూరంలేదు. హయత్‌నగర్ పక్కనే మూడున్నర వేల ఎకరాలకు పైగా మహావీర్ హరిణ వనస్థలి. నిజాం నవాబుల వేట భూమి. మహావీరుడి 2,500వ నిర్వాణ వత్సరం గుర్తుగా 1975లో ఆ పేరు పెట్టి, కృష్ణజింకలకు వదిలిపెట్టిన చోటు. టికెట్టు కొని, పొద్దున్నే వెళ్లి, మైకు లేకుండా, నెగడు లేకుండా, చెత్త వేయకుండా వచ్చేయాలి. సృష్టి గురించి హాల్లో ఫ్లాష్‌కార్డులతో చెప్పే పాఠాన్ని అక్కడ ఒక జింక అరనిమిషంలో చెప్పేస్తుంది.

అమ్మానాన్నల భయాలూ కొట్టిపారేసేవి కావు. మే నెల ఎండలో బయట ఆటలేమిటి? అందుకే పదిగంటల్లోపు ముగించడం, లేదంటే దసరా సెలవులకు మార్చుకోవడం మేలు. టెన్తు, ఇంటర్ పిల్లలకు పరీక్షల షెడ్యూలు చూసి తేదీలు పెట్టాలి. రాత్రి బస ఉంటే ఆడపిల్లల దగ్గర ఆడవాళ్లే ఉండాలి. ఏ పెద్దా ఏ పిల్లతోనూ, పిల్లాడితోనూ ఒంటరిగా ఉండకూడదన్న నియమం రాసిపెట్టుకోవాలి. అమ్మానాన్నల సంతకం, మందుల వివరం, దగ్గర్లోని ఆసుపత్రి నంబరు లేకుండా ఒక్క బస్సూ కదలకూడదు. ఇవి భక్తి లేనివాళ్ల అనుమానాలు అనుకుంటే పొరపాటే.

ఖర్చు పంచుకోవడానికి మాత్రం ఒక్క సంఘం బలం చాలదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఉన్న లూథరన్, సీఎస్ఐ, బాప్టిస్టు సంఘాలు తలా ఇద్దరు యువకుల్ని ఇస్తే ఒక మంచి జట్టు తయారవుతుంది. ట్యాంక్‌బండ్ కళాశాల విద్యార్థులు సెలవుల్లో వచ్చి శిక్షణ ఇస్తే పాస్టర్లకూ భరోసా. పిల్లల పేర్ల జాబితా ఎవరి దగ్గరుండాలన్నది ముందే తేల్చుకోవాలి. క్యాంపు సంస్థ దగ్గరా, సంఘం దగ్గరా? రెండుచోట్లా ఉండాలి. జూన్ రెండోవారంలో బడులు తెరిచాక ఆ జాబితా పట్టుకుని ఇంటింటికీ వెళ్లే మనిషి పేరు కూడా దానిమీదే రాసి ఉండాలి.