బల్లకు ఇరువైపులా

ఖరగ్‌పూర్ వర్క్‌షాపు గేటు వద్ద షిఫ్టు వేళకు నిలబడితే బెంగాలీ, హిందీలతో పాటు శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల తెలుగు యాస నేటికీ చెవిన పడుతుంది. యాజమాన్యానికీ కార్మిక సంఘానికీ ఉండవలసిన సంబంధమేమి అన్న ప్రశ్న ఈ ఊరిలో చాలా ముందే తలెత్తింది. 1927 ఫిబ్రవరిలో ఇక్కడ సమ్మె జరిగింది. అదే ఏడు సెప్టెంబరులో, సిబ్బంది తొలగింపు వివాదంపై, బెంగాల్ నాగపూర్ రైల్వే యాజమాన్యం లాకౌటు ప్రకటించింది. నెలల తరబడి సాగిన ఆ పోరాటంలో కార్మికులకు అండగా నిలిచిన నాయకుడు మన బరంపురం వారైన శ్రీ వి.వి. గిరి గారు.

గిరి గారు న్యాయశాస్త్రం చదివింది డబ్లిన్‌లో. వారు అక్కడికి వెళ్ళిన 1913లోనే ఆ నగరంలో గొప్ప లాకౌటు సంభవించింది. ఐరోపా దేశాలు అటువంటి అనుభవాల నుండి మెల్లగా మరొక మార్గానికి వచ్చాయి. స్వీడన్‌లో 1938లో యజమానుల సమాఖ్య, కార్మిక సమాఖ్య ప్రభుత్వ జోక్యం లేకుండానే ఒడంబడిక చేసుకున్నాయి. పశ్చిమ జర్మనీ 1951లో బొగ్గు, ఉక్కు సంస్థల పర్యవేక్షక మండళ్ళలో కార్మిక ప్రతినిధులకు సగం స్థానాలిచ్చింది.

ఇంచుమించు అదే కాలంలో మన రైల్వేలలో శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం ఏర్పడింది. మనం పి.ఎన్.ఎం. అంటున్నది దానినే. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయిన గిరి గారి అభిమతం కూడా ఇదే: తగవు తీర్పరి వద్దకు పోకముందే ఇరుపక్షాలూ కూర్చుని తేల్చుకోవాలి. అయితే భేదం గమనించాలి. జర్మన్ కార్మికునికి లభించింది ఓటు. మనకు లభించింది విన్నవించుకునే అవకాశం. అది చిన్నదేమీ కాదు గాని, వినేవారు ఉంటేనే దానికి విలువ.

1974లో అది చాలలేదు. చర్చలు సాగుతుండగానే మే 2న నాయకులను నిర్బంధించారు. మే 8 నుండి 27 వరకు దేశమంతటా రైల్వే సమ్మె జరిగింది. అప్పటి రాష్ట్రపతి గిరి గారే! బాలుడనైన నాకు జ్ఞాపకమున్నది, ఆ రోజులలో గోల్‌బజార్ నుండి మా తండ్రిగారు ఖాళీ సంచితో తిరిగి రావడం, మా తల్లిగారు ఏమీ అడగకపోవడం.

తరువాత నేను బల్లకు అవతలివైపు కూర్చున్నాను. ఒక షాపులో వెల్డర్లకు వేడి, పొగ భరించరానివిగా ఉన్నాయన్న అంశం ఎన్నో సమావేశాల నివేదికలలో ‘పరిశీలనలో ఉన్నది’ అన్న మాటతోనే ముగిసేది. ఆ వాక్యం రాసినవారిలో నేనూ ఒకడిని. ఒకసారి సంఘ ప్రతినిధి వెంట వచ్చిన వృద్ధ వెల్డరు తన లెక్కల పుస్తకంలోని కాగితం చించి, పొగ ఎటు పోతున్నదో, ఫ్యాను ఎక్కడ ఉండాలో పెన్సిలుతో గీసి చూపారు. మా డ్రాయింగులో ఫ్యాను ఎదురుగోడకు ఉంది. ఆయన గీతే సరియైనది. మరుసటి నెలలో ఫ్యాను ఆ గోడకు మారింది.