ఒక పుట - పెక్కు చిరునామాలు



దమయంతీ స్వయంవరకథ మీరందఱు నెఱిగినదే. సభలో నలుని రూపమున నైదుగురు కూర్చుండిరి. వారిలో నలువురు దేవతలు, ఒక్కడే నలుడు. ఱెప్పపాటు, చెమట, నేలనానిన పాదములు అను గుర్తులవలన నామె నిజమైన నలుని పోల్చుకొని పూలమాల వేసెను. ఆ గుర్తులే లేకున్నచో నామె పాటెట్టిదో యూహింపుడు. గూగుల్ వంటి సెర్చ్ ఇంజనులకు, అనగా శోధనయంత్రములకు, ప్రతిదినము నిట్టి చిక్కే కలుగుచున్నది. ఒకే పుట పలు చిరునామాలతో వాని యెదుట నిలుచుచున్నది. అసలైన దేదియో తెలుపు గుర్తును మన మీయనిచో యంత్రము తనకు తోచినదానినే వరించును.

ఇది యంత్రశాస్త్రజ్ఞుల గొడవ యని త్రోసివేయదగదు. ఇంటనుండి యావకాయయు, అప్పడములును, చీరలును అమ్మి సంసారమునకు తోడ్పడు స్త్రీలు నేడెందఱో కలరు. కొనువారిలో ననేకులు వారి యంగడికి శోధనయంత్రము చూపిన త్రోవనే వత్తురు. ఆ త్రోవ చెడినచో నష్టము వారిదే.

ఒక గృహిణి పచ్చళ్ల యంగడికి వెబ్‌సైటు నేర్పఱచుకొన్నదనుకొందము. చిరునామా మొదట 'హెచ్.టి.టి.పి.' అని యుండవచ్చును; భద్రతను దెలుపు 'ఎస్' చేరి 'హెచ్.టి.టి.పి.ఎస్.' అనియు నుండవచ్చును. పిదప మూడు 'డబ్ల్యూ'లు ఉండవచ్చును, లేకపోవచ్చును. రెండు రెండ్లు నాలుగు. లోపలి పుటల చిరునామా తుదను ఏటవాలు గీత యుండుట, లేకుండుట కూడ చేర్చిన నెనిమిది. ప్రకటనను చూచి యెవరు వచ్చిరో, వాట్సాప్ నుండి యెవరు వచ్చిరో లెక్కించుటకై ప్రశ్నార్థకచిహ్నము పిమ్మట తగిలించు తోక వేఱు. చీరల యంగడిలో ధరనుబట్టి వరుస మార్చినపుడు మఱియొక తోక. మన కంటికివన్నియు నొకే పుట. యంత్రమునకు మాత్రము వేర్వేఱు చిరునామాలు.

చిరునామాలో తెలుగుమాట నుంచువారు మఱింత జాగ్రత్త వహింపవలెను. యంత్రము లోలోపల నొక్కొక్క తెలుగు సంకేతమును తొమ్మిది గుర్తులుగా మార్చి వ్రాసికొనును. 'అమ్మ' యను మాటలో అకారము, రెండు మకారములు, నడుమ పొల్లు కలిసి నాలుగు సంకేతములు. అవి ముప్పదియాఱు గుర్తులగును. 'పచ్చళ్లు' అని యొకచోట, 'పచ్చళ్ళు' అని వేఱొకచోట వ్రాసినచో, చదువరికి నొకే మాటయైనను యంత్రమునకు రెండు చిరునామాలు.

దీనివలన శిక్ష పడునని కొందఱు భయపెట్టుదురు. ఆ భయము వలదు. వంచనకై చేసిన పని కానిచో నిట్టి పునరుక్తికి శిక్ష లేదని గూగుల్ సంస్థ 2008లోనే తెలిపినది. యంత్రము సమానమైన పుటలను గుంపుచేసి, వానిలో నొకదానిని ప్రతినిధిగా నెన్నుకొనును. హాని యెచ్చటనన, ఆ యెన్నిక తప్పిపోవుటలో నున్నది. మన పుటను మెచ్చి యితరు లిచ్చిన లంకెలు కొన్ని యొక చిరునామాకు, కొన్ని మఱొకదానికి చేరును. యంత్రము వానిని ఒకే గుంపుగా గ్రహింపనిచో మన పుటకు రావలసిన విలువ ముక్కలగును. పదులసంఖ్యలో పుటలు గల చిన్న యంగడికి లేకున్నను, వేలకొలది పుటలు గల పెద్ద యంగడికి మఱియొక నష్టము కలదు: యంత్రము చూచినదానినే చూచుచు, క్రొత్త సరకును ఆలస్యముగా చూచును.

ఇక నివారణోపాయములు. మొదటిది, ఒక చిరునామాను నిశ్చయించుకొనుట. 'ఎస్' చేరినదే మేలు. మూడు 'డబ్ల్యూ'లు ఉంచుటయు మానుటయు మన యిష్టము. కాని యొకదానికే కట్టుబడవలెను.

రెండవది, తక్కిన చిరునామాలకు వచ్చినవారిని ఆ యొక్కదానికే పంపునట్లు సర్వరునందు శాశ్వతమైన దారిమళ్లింపు నేర్పఱచుట. దీని సంఖ్య 301. తాత్కాలికమైనదాని సంఖ్య 302. ఇల్లు మాఱినవారు తపాలా కచేరిలో క్రొత్త చిరునామా నిచ్చుట మొదటిదానివంటిది. వేసవికి పుట్టింటికి పోయి వచ్చుట రెండవదానివంటిది.

మూడవది, మళ్లింప వీలులేని పుటలకు గుర్తునుంచుట. వరుస మార్చిన చీరల పుట కొనువారికి కావలసినదే కదా! అట్టిదాని శిరోభాగమున, చదువరులకు కనబడని రీతిని, 'కెనానికల్' అను గుర్తుతో అసలు చిరునామాను పూర్తిగా వ్రాయవలెను. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ సంస్థలు మూడును 2009 ఫిబ్రవరిలో నీ గుర్తును గౌరవింతుమని ప్రకటించినవి. అయినను ఇది యాజ్ఞ కాదు. బలమైన సూచన మాత్రమే.

కావున నాల్గవది, మన సైటులోని లంకెలును, సైట్‌మ్యాప్ అను పుటలపట్టికయు నా చిరునామానే పలుకవలెను. నోటితో నొకటి చెప్పి చేతితో వేఱొకటి చూపువారిని ఎవరు నమ్ముదురు?

ఈ గుర్తును దురుపయోగము చేయరాదు. అన్ని పుటలకును మొదటి పుట చిరునామానే వ్రాసినచో తక్కిన పుటలు శోధనలో కనబడకపోవచ్చును. ఆవకాయ పుటయు, గోంగూర పుటయు వేర్వేఱు, వానిని కలుపరాదు. గుర్తునుంచిన పుటను యంత్రము చూడకుండ రోబోట్స్ పత్రముతో నడ్డగించుటయు వ్యర్థమే. తలుపు మూసి లోపల చీటి యంటించిన చదువువా రెవరు?

పరీక్ష సులభము. పైని చెప్పిన నాలుగు రూపములను ఒక్కొక్కటిగా వ్రాసి చూడుడు. అన్నియు నొకే చిరునామాకు చేరవలెను. గూగుల్ వారి సెర్చ్ కన్సోల్‌లో నొక పుటను పరీక్షించినచో, మనము చెప్పిన చిరునామాయు, గూగుల్ ఎన్నుకొన్న చిరునామాయు ప్రక్కప్రక్కనే కనబడును. రెండును భిన్నమైనచో ఎచ్చటనో మన గుర్తులు పరస్పరము విరోధించుచున్నవని యనుమానింపవలెను.

సైటును కట్టించుటకు మీరు సొమ్మిచ్చినవారిని మూడు ప్రశ్న లడుగుడు: మన యసలు చిరునామా యేది? తక్కినవి 301తో దానికి చేరుచున్నవా? ప్రతి పుటయందును కెనానికల్ గుర్తు సరిగా నున్నదా? సంకోచము వలదు. యంగడి మీది, శ్రమ మీది. దాని చిరునామాయు మీ చేతిలోనే యుండవలెను.