పుపుస ధమనిలో కాల్షియం కట్టడి

లడఖ్‌లోని లే పట్టణం సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. మైదానాల నుండి అక్కడికి చేరినవారి దేహంలో ఒక విచిత్రం జరుగుతుంది. ప్రాణవాయువు తగ్గినప్పుడు శరీరంలోని ఇతర ధమనులు విప్పారగా, ఊపిరితిత్తులకు రక్తాన్ని చేర్చే పుపుస ధమనులు మాత్రం ముడుచుకుంటాయి. 1946లో స్వీడన్ శాస్త్రజ్ఞులు వాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లులపై ప్రయోగాలు జరిపి ఈ సంగతిని వెల్లడించారు. గాలి చాలని భాగం నుండి గాలి ఆడే భాగానికి రక్తాన్ని మళ్ళించడమే దీని ప్రయోజనం.

ఈ ముడుచుకొనడానికి ఆజ్ఞ ఇచ్చేది కాల్షియం. విశ్రాంతిగా ఉన్న కండర కణం లోపలి కంటె వెలుపల కాల్షియం గాఢత సుమారు పదివేల రెట్లు అధికం. కణపు పొరలోని ద్వారాలు తెరచుకొని కాల్షియం లోనికి రాగానే ధమని గోడ బిగుస్తుంది. పని ముగిశాక దానిలో కొంత వెలుపలికి పోవాలి; కొంత కణంలోని నిల్వలలోకి, మైటోకాండ్రియాలోకి చేరాలి. అప్పుడే ధమని తిరిగి వదులవుతుంది.

ఈ ద్వారాలన్నీ ప్రోటీనులే. ఏ ప్రోటీను ఎంత తయారుకావాలో నిర్ణయించడంలో మైక్రో ఆర్.ఎన్.ఎ.లకు ముఖ్యపాత్ర ఉన్నది. ఒక్కొక్కటి సుమారు 22 అక్షరాల పొడవుండే చిన్న గొలుసు. జన్యువు పంపిన సందేశ ఆర్.ఎన్.ఎ.కు అంటుకొని, ప్రోటీను తయారు కాకుండా అది అడ్డుకుంటుంది. 1993లో ఒక చిన్న పురుగులో వీటిని గుర్తించిన పరిశోధనకు గాను విక్టర్ ఆంబ్రోస్, గారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి లభించింది.

కొండ దిగివస్తే ధమనులు సాధారణంగా వదులవుతాయి. కాని కొందరికి ఎత్తైన ప్రదేశాలతో ప్రమేయం లేకుండానే పుపుస ధమనులలో రక్తపోటు పెరిగి నిలిచిపోతుంది. అట్టి రోగుల కండర కణాలలో 25, 138 సంఖ్యలు గల మైక్రో ఆర్.ఎన్.ఎ.లు అధికంగా ఉన్నట్లు 2017లో వెలువడిన పరిశోధన తెలిపింది. అవి మైటోకాండ్రియా లోనికి కాల్షియాన్ని పంపే ద్వారపు ప్రోటీనును తగ్గిస్తాయి. ఫలితంగా కాల్షియం కణద్రవంలోనే నిలిచి, ధమని బిగుసుకుంటుంది. కండర కణాలు మితిమీరి పెరిగి గోడ మందమవుతుంది. ఇరుకైన దారిలో రక్తాన్ని నెట్టలేక గుండె కుడి జఠరిక క్రమంగా అలసిపోతుంది. మరొకవైపు, కణాల పెరుగుదలను అదుపు చేసే 204వ మైక్రో ఆర్.ఎన్.ఎ. ఈ రోగులలో తగ్గిపోతుందని 2011లోనే తేలింది.

25, 138లను నిరోధించే పదార్థాన్ని ఆవిరి తుంపరలుగా పీల్పించగా ఎలుకలలో వ్యాధి తగ్గుముఖం పట్టింది. అయితే ఒక్కొక్క మైక్రో ఆర్.ఎన్.ఎ. అనేక సందేశాలను శాసిస్తుంది. ఒకదానిని సరిదిద్దబోతే మరొకటి చెడవచ్చు. అందుచేతనే ఈ చికిత్స ఇంకను రోగి చెంతకు చేరలేదు. అంతవరకు వ్యాధిని త్వరగా గుర్తించడం ప్రధానం. మెట్లెక్కితే అకారణంగా ఆయాసం, కాళ్ళ వాపు, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే నీరసమని సరిపెట్టుకొనక వైద్యుని సంప్రదించడం శ్రేయస్కరం.