రైలుగేటు

కడపజిల్లాలోని ఎర్రగుంట్ల చుట్టుప్రక్కల గునపము వేసినచో మన్ను కొలదిగాను, రాయి మెండుగాను దొరకును. ఇచ్చటి నాపరాయి పలకలు పలకలుగా విడివచ్చును. కడపబండలని దేశమంతటను పేరొందిన ఈ రాళ్లను, నంద్యాలకు పడమట నున్న బేతంచెర్ల బండలను మోసికొని లారీలు రేయింబవళ్లు తిరుగుచుండును. ఈ సీమలోనే సిమెంటు కర్మాగారములు పెక్కులు కలవు. ముద్దనూరు దగ్గరి విద్యుత్కేంద్రమునకు బొగ్గు రైళ్లమీద వచ్చును.

చెన్నపట్టణమునుండి ముంబయికి పోవు ఇనుపదారి కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా సాగును. 1871లో ఈ దారి రాయచూరువద్ద, బొంబాయివైపునుండి వచ్చిన దారితో కలిసినది. గుంతకల్లునుండి డోను, బేతంచెర్ల, నంద్యాలల మీదుగా గుంటూరునకు పోవునది మరియొక మార్గము. నంద్యాలనుండి ఎర్రగుంట్లకు వేసిన మార్గము 2016లో పూర్తియైనది. ఇట్లు రాతిలారీలు పోవు బాటలును, రైళ్లు పోవు బాటలును ఒకే సీమలో అల్లుకొనియున్నవి. ఈ రెండు బాటలు వంతెన లేకుండ ఒకే మట్టమున ఒకదానినొకటి దాటునెడ రైలుగేటు ఉండును.

గేటు మూసినపుడు ఆగవలసినది బాటసారియే కాని రైలు కాదు. మిట్టమధ్యాహ్నపు టెండలో ఎద్దులబండితో నిలిచిన రైతునకు ఇది అన్యాయమని తోచుట సహజమే. రైలొక్క నిమిషము ఆగిన నేమి యని అతడనుకొనవచ్చును. కాని రైలు ఆగజాలదు. ఇనుపచక్రము ఇనుపపట్టాపై నునుపుగా దొరలును గనుక అది తక్కువ శక్తితో ఎక్కువ బరువును లాగగలదు. ఆ నునుపుదనమే ఆగవలసినపుడు అడ్డగును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున వచ్చు రైలునకు డ్రైవరు బ్రేకు వేసిన పిమ్మట నిలుచుటకు సుమారొక కిలోమీటరు పట్టును. ఆ వేగమున అది సెకనుకు 28 మీటర్లు గడచును. కిలోమీటరు దూరమున చుక్కవలె గానవచ్చు రైలు 36 సెకనులలో గేటును చేరును.

ఇక లారీ సంగతి. బండలు నింపిన లారీ పట్టాలపై మెల్లగా, గంటకు 5 కిలోమీటర్ల చొప్పున, 20 మీటర్లు దాటుటకు 14 సెకనులు కావలెను. ఇంజను నడుమ ఆగినచో మిగిలిన 22 సెకనులలో చేయగలిగినది దిగి పరుగెత్తుటయే. పైగా ఎదురుగా వచ్చు పెద్ద వస్తువు కన్నులకు నిజమైన వేగముకంటె మెల్లగా వచ్చుచున్నట్లు కనిపించును. "ఇంకను దూరముననే యున్నది" అను మాట ఎందరినో మోసగించినది.

పూర్వము గేట్లు పెరటితలుపులవలె రెక్కలు తెరచుకొనెడివి. ఇప్పుడు ఎక్కువచోట్ల పైకి లేచు అడ్డకడ్డీయే కనిపించును. దాని నడుమ ఎర్రని గుండ్రని రేకు ఉండును. రాత్రివేళ ఎర్రదీపము వెలుగును. ఇంత పొడవైన కడ్డీని ఒక్క మనిషి ఎట్లు లేపగలుగుచున్నాడు? దీనికి సమాధానము పల్లెలో బావికట్టున దొరకును. ఏతపు మ్రాను ఒకకొనకు బాన, రెండవకొనకు రాతిబరువు కట్టి నీరు తోడు పద్ధతి యెరిగినవారికి రైలుగేటు కొత్తది కాదు. కొండదారులలో ఎర్రచందనపు దొంగరవాణాను పట్టుటకు నిలిపిన తనిఖీగేట్లకును ఇదే సూత్రము.

లెక్కకొరకు కడ్డీ పొడవు 6 మీటర్లు, బరువు 60 కిలోలు అనుకొందురు గాక. దాని బరువంతయు నడిమిచోట, అనగా ఇరుసునకు 3 మీటర్ల దూరమున, పనిచేయును. 60ని 3తో గుణింపగా 180 వచ్చును. ఇరుసునకు ఇవతల 60 సెంటీమీటర్ల దూరమున 300 కిలోల దిమ్మె అమర్చినచో అదియు 180యే యగును. రెండు ప్రక్కలును సరితూగును. అపుడు ఇరుసులోని రాపిడిని గెలువగలిగిన బలమే చాలును. కడ్డీని ఎచ్చట వదలిన అచ్చటనే నిలుచును.

అపాయమును ఇచ్చటనే యున్నది. చూచువారు పొడవైన కడ్డీకి భయపడుదురు. నిజమునకు భయపడవలసినది వెనుకనున్న పొట్టి దిమ్మెకు. గేటును అమర్చునపుడు కడ్డీని ముందుగా బిగించి, దాని కొనను ఆధారపు స్తంభముపై ఆనించి, ఆ పిమ్మటనే బరువులను ఒక్కొక్కటిగా చేర్చవలెను. విప్పునపుడు క్రమము తలక్రిందులగును: మొదట బరువులు, తరువాత కడ్డీ. ఈ వరుస తప్పినచో దిమ్మె ఒక్కపెట్టున క్రిందికి దిగి, ముందుకొన పిడుగువలె పైకెగయును. లారీ ఢీకొని కడ్డీ విరిగిన గేటు ఇంకను ప్రమాదకరము. ముందు బరువు పోయి వెనుక బరువు మాత్రమే మిగిలిన ఆ గేటును ముట్టుకొనుటకు ముందు దిమ్మెక్రింద బలమైన దుంగలు పేర్చి, గొలుసుతో కట్టవలెను. విరిగిన ముక్కను చూడవచ్చిన పిల్లలను దూరముగా నిలుపవలెను. ఇరుగేట్లకును ఇది వర్తించును. కర్మాగారపు వాకిట నున్న చిన్నగేటైనను తక్కువది కాదు.

గేటు పునాది నేలనుబట్టి మారును. ఎర్రగుంట్లవద్ద కొంతలోతున రాయి తగులును గనుక స్తంభము చలింపదు. కోవెలకుంట్ల, నంద్యాల ప్రాంతముల నల్లరేగడి అట్టిది కాదు. అది వానకు ఉబ్బును, ఎండకు చేయిదూరునంతగా బీటలువారును. పైపొరలో నిలిపిన స్తంభము రెండేండ్లు తిరుగకముందే ఒరుగును. స్తంభము వ్రేలెడు ఒరిగినను 6 మీటర్ల కడ్డీకొన అంతకు పలురెట్లు తప్పుకొని, తాళపు గూటిలో సరిగా కూర్చుండదు. కాబట్టి రేగడిలో గుంతను ఉబ్బు సోకని లోతువరకు త్రవ్వి కట్టడము లేపుదురు.

సాధారణముగా బాటకు రెండు ప్రక్కల కడ్డీలును ఒకే చక్రపుపిడితో లేచును. వాటిని కలుపు ఉక్కుతీగల త్రాడు బాటక్రింద గొట్టములో పోవును. రాయలసీమ వేసవి ఈ త్రాటికి పరీక్ష. ఉక్కు ఒక్కొక్క డిగ్రీ వేడికి తన పొడవులో పదిలక్షలలో పండ్రెండు పాళ్లు సాగును. చలికాలపు తెల్లవారుజామునకును, వేసవి మధ్యాహ్నమునకును త్రాటి వేడిలో 30 డిగ్రీల తేడా యున్నచో 30 మీటర్ల త్రాడు సుమారొక సెంటీమీటరు పెరుగును. సెంటీమీటరే కదా యనరాదు. ఆ వదులువలన ఆవలి కడ్డీ పూర్తిగా దిగక తాళము పడకపోవచ్చును. అందుచేత ఋతువు మారినపుడెల్ల బిగువును సరిచూతురు. త్రాటిలో తెగిన తీగెలున్నవేమో తెలిసికొనుటకు వట్టిచేతితో తడవరాదు. గుడ్డముక్కతో నిమిరినచో తెగిన పోగు గుడ్డకు తగులుకొని తానే తెలుపును.

రాతిధూళి మరియొక శత్రువు. ఇరుసునకు పూసిన గ్రీజులో ఈ ధూళి చేరి ఆకురాయివలె ఇనుమును అరగదీయును. పాతదానిని తుడువక దానిపైననే కొత్త గ్రీజు పూయుట కందెన వేయుట కాదు, ఇసుక వేయుటయే. పట్టాలప్రక్కనుండు సందు సంగతియు మరువరాదు. గేటువద్ద పట్టాకు లోపలివైపున మరియొక ఇనుపకమ్మి వేసి, చక్రపు అంచు పోవుటకు సుమారు 5 సెంటీమీటర్ల సందు విడుతురు. లారీనుండి జారిన బండముక్క అందు ఇరికినచో చక్రము పట్టాపైకి ఎక్కి రైలు పట్టాలు తప్పవచ్చును. గేటుకాపరి ప్రతిదినమును చీపురు, గునపము పట్టుకొని ఆ సందును శుభ్రము చేయుట ఇందుకే. ఆ పనిని చూచి నవ్వువారికి ఆ సందులోని గులకరాయి విలువ తెలియదు.

గేటు మూసినమాట రైలునకు ఎట్లు తెలియును? స్టేషనుమాస్టరు టెలిఫోనులో రైలు రాక తెలుపును. గేటుకాపరి రెండువైపుల కడ్డీలను దించి, తాళము వేసి, తనవద్దనున్న పట్టికలోని రహస్యసంఖ్య నొకదానిని చెప్పును. ఇద్దరును ఆ సంఖ్యను పుస్తకములలో వ్రాసికొందురు. "మూసితిని" అను ఒట్టిమాట తొందరలోనో, నిద్రమత్తులోనో వెలువడవచ్చును. పట్టిక చూచి చెప్పవలసిన సంఖ్య అట్లు రాదు. రాకపోకలు ఎక్కువగా నున్న గేట్లకు ఇంకొక బంధము కలదు. కడ్డీ దిగి తాళము పడినగాని ఒక తాళపుచెవి వెలికిరాదు. ఆ చెవి పెట్టినగాని రైలునకు దారినిచ్చు సిగ్నలు మారదు. ఒకసారి సిగ్నలు ఇచ్చిన పిమ్మట, దానిని మరల ఎరుపుచేసినగాని చెవి వెనుకకు రాదు, గేటు తెరచుకొనదు. కొన్నిచోట్ల చెవికి బదులు విద్యుత్తు ఈ పని చేయును. బాటయు తెరచి, రైలుదారియు తెరచియుండుట అను స్థితియే లేకుండ ఇనుములోనే కట్టడి చేసినారు. మనిషి మంచితనముపై మాత్రమే ఆధారపడని ఈ ఏర్పాటు మెచ్చదగినది.

అయినను మనిషి లేక గడువదు. బండలలారీ పట్టాల నడుమ ఇరుసు విరిగి కూలబడినదనుకొందురు గాక. గేటుకాపరి మొదట చేయవలసినది లారీని నెట్టుట కాదు. సిగ్నలును ఎరుపుచేసి, స్టేషనుకు తెలిపి, ఎర్రజెండాను, రాత్రియైనచో ఎర్రదీపమును చూపుచు రైలు వచ్చువైపునకు పరుగెత్తవలెను. 600 మీటర్ల దూరమున పట్టాపై ఒక డిటొనేటరును, 1200 మీటర్ల దూరమున పదేసి మీటర్ల ఎడముతో మూడింటిని అమర్చవలెను. డిటొనేటరనగా చక్రము ఎక్కగానే పెద్దగా ప్రేలు బిళ్ల. ఆ చప్పుడు విన్న డ్రైవరు రైలు నాపును. కిలోమీటరు దూరములో ఆగు రైలునకు 1200 మీటర్ల హెచ్చరిక యెందులకో ఇప్పుడు తేటపడును.

కాపలాయే లేని గేట్లు ఒకప్పుడు దేశమున వేలకొలది యుండెడివి. 2014 జులై 24వ తేదీన తెలంగాణములోని మెదక్ జిల్లా మాసాయిపేటవద్ద అట్టి దారిని దాటుచున్న పాఠశాలబస్సును రైలు ఢీకొన్నది. ఉదయమున పుస్తకములతో బయలుదేరిన పిల్లలు పలువురు మరణించిరి. బ్రాడ్‌గేజి మార్గములపై కాపలాలేని గేట్లు 2019 జనవరి నాటికి తొలగింపబడినవి. కాపలా లేనిచోట బండి నాపి, క్లీనరుగాని కండక్టరుగాని దిగి, ముందు నడచి, రైలు రాలేదని చూచిన పిమ్మటనే దాటవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము విధించినది. మూసిన గేటును తనంత తాను తెరచినవానికి 1989 నాటి రైల్వేచట్టము ప్రకారము మూడేండ్లవరకును, పగులగొట్టినవానికి ఐదేండ్లవరకును శిక్ష పడవచ్చును.

విద్యుత్తుతో రైళ్లు నడచుచున్న ఈ మార్గములలో గేటునకు ముందు బాటపై అడ్డముగా మరియొక ఇనుపచట్రము కనిపించును. దాని ఎత్తు 4.67 మీటర్లు. పైన 25,000 వోల్టుల తీగె యున్నది గనుక వరిగడ్డిగాని, వేరుసెనగకట్టెగాని ఎత్తుగా పేర్చిన బండి ఆ చట్రమునకు తగిలినచో అచ్చటనే ఆగి బరువు తగ్గించుకొనవలెను. అంత ఎత్తు మోపుపై మనిషి కూర్చుండి దాటుట మరణముతో చెలగాటమే. తీగెను తాకనక్కరలేదు, దగ్గరకు పోయినను విద్యుత్తు దూకును.

ఏ గేటుచోట వంతెన కట్టవలెనో తేల్చుటకు రైల్వేవారు ఒక లెక్క వేయుదురు. దినమునకు పోవు రైళ్ల సంఖ్యను, దాటు బండ్ల సంఖ్యతో గుణింతురు. ఎద్దులబండి ఒకటి, లారీ ఒకటి. రిక్షా మాత్రము అర. 50 రైళ్లు, 2,000 బండ్లు అయినచో లబ్ధము లక్ష. లక్ష దాటినచోట రైల్వేయు, రాష్ట్రప్రభుత్వమును ఖర్చు సగముసగము భరించి పైవంతెన కట్టుట వాడుక. రాకపోకలు తక్కువైనచోట పట్టాలక్రిందుగా దారి త్రవ్వుదురు. వాననీరు పోవు త్రోవను ముందుగా చూడక త్రవ్వినచో, ఏడాదికి నాలుగుదినములు పారు వంక ఆ నాలుగుదినములును ఆ దారిని చెరువుగా మార్చును. అప్పటికి పాతగేటు తీసివేయబడి యుండును. ఆవలి ఊరి బడిపిల్లలు చుట్టుదారి పట్టుదురు.